గుంటకును గుంటకును నడుమనున్న నేల



భూసార పరీక్షకై రైతు తన చేనిలో ఆరంగుళముల లోతున మట్టి తీసి పంపును. 2015వ సంవత్సరమున ఆరంభమైన భూసార పత్రముల పథకము నీటివసతి గల నేలలందు 2.5 హెక్టార్లకు, మెట్టనేలలందు 10 హెక్టార్లకు ఒక్కొక్క నమూనాను నిర్ణయించినది. అనగా మెట్టలో ఇంచుమించు 25 ఎకరములకు ఒక్క నమూనాయే సాక్షి. మిగిలిన నేలను ఊహింపవలసినదే. ఆ ఊహ తప్పినచో చౌడు లేని చేనికి జిప్సము మోయుటయు, చౌడుగల చేను ఎండిపోవుటయు తటస్థించును.

ఊహించుటకు మార్గములు పెక్కు. అతి సులభమైనది, ఏ గుంట దగ్గరనున్నదో దాని ఫలితమునే ఈ చేనికిని వర్తింపజేయుట. అమెరికా వాతావరణ శాస్త్రజ్ఞుడు థీసెన్ 1911లో వర్షపాతపు లెక్కకు ఈ పద్ధతిని వాడెను. పటముపై గట్లు వేసినట్లు గీతలు పడును. నేలలో అట్టి గట్లుండవు.

రెండవది 1968లో షెపర్డ్ వివరించినది. దగ్గరి గుంట మాటకు బలమెక్కువ, దూరపు గుంట మాటకు తక్కువ. 100 గజముల దూరమున సేంద్రియ కర్బనము 0.4 శాతము, 200 గజముల దూరమున 0.9 శాతము ఉన్నదనుకొందురు గాక. దూరపు వర్గమును బట్టి మొదటిదానికి నాలుగు పాళ్లు, రెండవదానికి ఒక పాలు బలమిచ్చి, నడుమ చేనికి 0.5 శాతమని తేల్చుదురు. పలక మీద చేయదగిన లెక్కయే. అయితే ఒకేచోట మూడు గుంటలు త్రవ్వినచో అవి మూడు సాక్ష్యములుగా చెల్లును. ఒకే ఇంటివారు మువ్వురు పంచాయతీకి వచ్చి ఒకే మాట చెప్పినట్లు.

ఈ లోపమును దిద్దునది క్రిగింగ్. దక్షిణాఫ్రికా బంగారు గనుల విషయమున డానీ క్రిగ్ 1951లో చేసిన కృషి దీనికి మూలము. ఫ్రాన్సు దేశీయుడు మాథెరాన్ దానిని శాస్త్రముగా తీర్చి అతని పేరే పెట్టెను. దూరము పెరిగినకొలది మట్టి ఎంతగా మారునో ముందు ఆ ఊరి నమూనాల నుండియే గ్రహించి, పిమ్మట బలములను పంచును. తన అంచనా ఎచ్చట ఎంత సందేహాస్పదమో కూడ చెప్పును. తక్కిన రెండింటికి ఈ వినయము లేదు. కాని సుమారు 100 నమూనాలైన లేనిదే దాని లెక్క నిలువదు. పది గుంటల ఊరికి క్రిగింగ్ పటము చూపువారిని శంకింపవలయును.

ఏది మేలో తేల్చుటకు న్యాయమైన పరీక్ష కలదు. ఒక గుంట ఫలితమును దాచి, తక్కినవానితో దానిని ఊహింపజేసి, అసలుతో సరిపోల్చుదురు. ఇట్లే ప్రతి గుంటకును. ఒక ఊరిలో నెగ్గిన పద్ధతి మరియొక ఊరిలో ఓడుట కలదు. నల్లరేగడి ఒక్కసారిగా ఎర్రచెల్కగా మారుచోట కడపటి రెండు పద్ధతులును రెండు మట్టులను కలిపి, ఊరిలో లేని మూడవ నేలను పటముపై సృష్టించును. ఆ హద్దు రైతుకు తెలియును. పాత చెరువు శిఖము, వాగు మేట, చౌడుమచ్చ ఎచ్చటెచ్చట కలవో నమూనాలు తీయునాడే చూపి, ఆయా భాగములందు వేరుగా గుంటలు త్రవ్వింపవలయును. త్రవ్విన చోట్లను గ్రామ పటముపై గుర్తించి గ్రంథాలయమున భద్రపరచినచో మరుసటి పరీక్షకు అక్కరకు వచ్చును.