శాసనంలో లేని పేర్లు

ఈ రోజు పట్టాలు అందుకున్న మీ అందరికీ మనసారా అభినందనలు.

1986లో ఒక రేకు పెట్టె పట్టుకుని హనుమకొండ బస్టాండులో దిగాను. వెంట మా బాపు ఉన్నాడు. అప్పుడు ఈ సంస్థ పేరు రీజినల్ ఇంజనీరింగ్ కాలేజీ. 1959లో నెహ్రూ గారు పునాదిరాయి వేసిన కాలేజీ ఇది. దేశంలో ఆ కోవకు చెందిన మొదటిది. ఫీజు కట్టడానికి బాపు అంగీ లోపలి జేబులోంచి నోట్లు తీసి లెక్కపెట్టాడు. ఆ నోట్లకు తంబాకు వాసన ఉంది. అవి మా అక్క బీడీల పైసలు.

మాది కోరుట్ల దగ్గర పల్లె. అక్క నాకంటే రెండేళ్లు పెద్ద. లెక్కల్లో నాకంటే చురుకు. పదో తరగతిలో చేరిన రెండు నెలలకే బడి మానేసింది. మాన్పించారనడమే న్యాయం. ఇద్దరినీ చదివించే స్తోమత లేనప్పుడు ఎవరు ఆగాలన్న ప్రశ్న మా ఇంట్లో ఎవరూ అడగలేదు; జవాబు ముందే తెలుసు కాబట్టి. నానబెట్టిన తునికాకు, కత్తెర, కొలత రేకు, ఒళ్లో చాట, చాటలో తంబాకు, దారం ఉండ. వెయ్యి బీడీలు చుట్టాకే ఆమెకు పొద్దు గుంకేది. కార్ఖానాలో బాగాలేవని కొన్ని తీసి పక్కన పడేస్తే, ఆ లోటు మర్నాడు పూడ్చాలి.

ఇంకో మాట. నేను కట్టిన ఫీజు, నన్ను ఇంజనీరును చేయడానికి అయిన ఖర్చులో చిన్న భాగం. మిగిలింది కేంద్రం, రాష్ట్రం కలిసి భరించాయి. అది జనం కట్టిన పన్నుల డబ్బు. బీడీల మీద కూడా ఎక్సైజు సుంకం ఉండేది. అంటే అక్క చేతి కష్టం నా చదువులోకి ఇంటి నుంచి ఒక దారిలో, ఖజానా నుంచి మరో దారిలో వచ్చి చేరింది. ఇది నాకు నలభై దాటాక గానీ తట్టలేదు. మీకు ఇరవై రెండేళ్లకే తట్టాలని ఈ సంగతి చెబుతున్నాను.

1998లో అమీర్‌పేటలో రెండు గదులు అద్దెకు తీసుకుని కంపెనీ పెట్టాను. ఆ ఏడాదే మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. ప్రపంచంలోని పాత ప్రోగ్రాములు చాలావరకు సంవత్సరాన్ని రెండంకెల్లోనే దాచుకున్నాయి. 2000 వస్తే దాన్ని 1900 అనుకుంటాయని కంపెనీలన్నీ భయపడుతున్నాయి. లక్షల వరుసల కోబాల్ కోడ్ చదివి దిద్దే మనుషులు కావాలి. మేము చదివాం, రాత్రింబవళ్లు దిద్దాం. ఐదేళ్లు ముందు పుట్టినా, ఐదేళ్లు వెనక పుట్టినా ఆ తలుపు నాకు తెరుచుకుని ఉండేది కాదు. నా కష్టాన్ని నేను తక్కువ చేసుకోను. అయితే అంతే కష్టపడి, తలుపు దొరకని వాళ్లను చాలామందిని చూశాను. పైగా ఆ రోజుల్లో మా ఇల్లు గడిచింది నా భార్య జీతం మీద. ఆమె జిల్లా పరిషత్ బడిలో టీచరు. నేను ధైర్యవంతుణ్నని పత్రికలు రాశాయి. నెల మొదటి తారీఖున ఇంట్లోకి జీతం వస్తుందన్న భరోసా ఉన్నవాడికి ధైర్యం సులువు.

2001లో అమెరికాలో ఇంటర్నెట్ కంపెనీలు వరసగా కూలాయి. మా పెద్ద కస్టమరు ఒక్క ఉత్తరంతో పని ఆపేశాడు. అప్పటికి మేము ముప్పై ఎనిమిది మందిమి. మూడు నెలలు అందరం సగం జీతాలే తీసుకున్నాం. కొత్త కాంట్రాక్టు కోసం నేను న్యూజెర్సీ వెళ్లాను. బాపుకు బాగాలేదని అక్క ఫోన్ చేసింది. రెండు రోజుల్లో మీటింగు ఉంది, అది కాగానే వస్తానన్నాను. నేను ఊరు చేరేసరికి బాపు పోయి మూడో రోజు. తలకొరివి చిన్నాన్న పెట్టాడు. ఆ మీటింగులో దొరికిన పనే కంపెనీని నిలబెట్టింది, ముప్పై ఎనిమిది ఇళ్లలో పొయ్యి వెలిగించింది. చేసింది తప్పా ఒప్పా అని ఇప్పటికీ నన్ను నేను అడుగుతూనే ఉంటాను. మీకు కూడా ఇలాంటి రోజు వస్తుంది. అప్పుడు ఏం చేయాలో చెప్పగల అర్హత నాకు లేదు.

మీలో చాలామంది ఇక్కడ చదివిన నాలుగేళ్లలో పాలంపేట వెళ్లే ఉంటారు. రామప్ప గుడిని కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు కట్టించాడని 1213 నాటి శాసనం చెబుతుంది. అందరం నంది దగ్గర, మదనికల దగ్గర ఫోటోలు దిగి వచ్చేస్తాం. పక్కనే ఉన్న చెరువు గట్టెక్కి చూడండి. ఎనిమిది వందల ఏళ్లుగా ఆ నీళ్లు పొలాలకు పారుతున్నాయి. మన పెద్దలు సప్తసంతానాలు అన్నప్పుడు కొడుకుతో పాటు చెరువును, గుడిని, తోటను, కావ్యాన్ని కూడా సంతానంగానే లెక్కవేశారు. ఇంటికి చేసేది, ఊరికి చేసేది ఒకే జాబితాలో ఉన్నాయి. నాకు ఆ లెక్క నచ్చుతుంది. ఒక్క సంగతి మాత్రం గుచ్చుకుంటుంది. తట్టలతో మన్ను మోసి ఆ గట్టు పోసిన వాళ్ల పేర్లు ఏ శాసనంలోనూ లేవు. మా కంపెనీ వాటాదారుల రిజిస్టరులో మా అక్క పేరు లేనట్టే.

2013 కంపెనీల చట్టం ఒక స్థాయి దాటిన కంపెనీలు సగటు లాభాల్లో కనీసం 2 శాతం సమాజానికి ఖర్చు చేయాలంది. మేమూ చేస్తున్నాం. సర్కారు బళ్లలో కంప్యూటర్లు పెట్టించాం, ఆడపిల్లలకు ఇంజనీరింగ్ ఫీజులు కడుతున్నాం. మంచి పనులే, ఇంకా పెంచుతాం. కానీ ఎవరికి ఏం బాకీ పడ్డామో ఆ 2 శాతం చెప్పదు. ఈ రాత్రి మీ ఇంటివాళ్లతో కూర్చున్నప్పుడు అడగండి: నేను చదవడం కోసం ఏం ఆగిపోయింది, ఎవరిది ఆగిపోయింది? వచ్చిన జవాబును రాసిపెట్టుకోండి.

నేను ఆలస్యంగా అడిగాను. నాలుగేళ్ల క్రితం ఊరెళ్లి, అక్కా, నీకు మంచి ఇల్లు కట్టిస్తానన్నాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, “ఇల్లు నాకెందుకురా తమ్మీ. ఆగిపోయిన పది రాస్త. లెక్కలు నువ్వు చెప్పు,” అంది.

చెక్కు రాయడం నాకు అలవాటు. రోజుకో గంట ఇవ్వడం అలవాటు లేదు. మొదటి నెలలో ఎన్నిసార్లు తప్పించుకోబోయానో నాకు తెలుసు. అక్క ఫోన్ పట్టుకుని ఎదురుచూస్తూనే ఉండేది. ఓపెన్ స్కూల్లో యాభై ఆరేళ్ల వయసులో పది పాసైంది. లెక్కల్లో 71 వచ్చాయి.

ఇప్పుడు ఇంటర్. మాత్రికలు మొదలుపెట్టాం. ఏ ని బి తో గుణిస్తే వచ్చేది, బి ని ఏ తో గుణిస్తే ఎందుకు రాదురా అని మొన్న అడిగింది. సూత్రం చెప్పగలిగాను గానీ ఆమె మనసుకు పట్టేలా చెప్పలేకపోయాను. అందుకే ఈ రోజు రెండు గంటలు ముందుగా వచ్చి ఇక్కడి గణిత శాఖలో కూర్చున్నాను. ఒక ఆచార్యులు కాగితం ముక్కను ముందు తిప్పి తర్వాత మడిచి, మళ్లీ ముందు మడిచి తర్వాత తిప్పి చూపించారు. ఆ కాగితం నా జేబులో ఉంది. రాత్రి ఎనిమిదింటికి అక్కకు ఫోన్ చేయాలి.