పిల్లి రక్కిన జ్వరము



ఉప్పాడ రేవున వల దించిన చోట పిల్లులు చేరని దినము లేదు. నూలు ఎలుకల పాలు కాకుండుటకై మగ్గముల యిండ్లవారును వానిని చేరదీయుదురు. వానిని నిందించుట నా యుద్దేశము కాదు. అయితే వాని గోటి నుండి మనుష్యునికి సంక్రమించు జ్వర మొకటి కలదు. దానిని మఱియొక రోగముగా భ్రమించుట సులభము.

సుశ్రుతుడు కల్పస్థానమున కోఱలయందును గోళ్లయందును విషముగల జంతువులను లెక్కించుచు మార్జాలమును మొదట నిలిపెను. ఆయన యెఱిగినది ఈ జ్వరమే యని నేను సాహసించి చెప్పను. దీనిని 1950లో పారిసు నగరమున డెబ్రే యను శిశువైద్యుడు వివరించెను. కారణమైన సూక్ష్మజీవికి బార్టొనెల్లా హెన్సెలే యని పేరు. పిల్లి వెండ్రుకలలో గంతులిడు చిన్న పురుగు దీనిని మోయును. దాని మలము గోళ్లలో నిలిచి, రక్కినపుడు మన చర్మములోనికి దిగును. పిల్లికి మాత్రము సాధారణముగా ఏ జబ్బును పైకి కానరాదు. పెద్దపిల్లి కంటె కూనతోనే భయ మెక్కువ.

రక్కిన చోట కొన్ని దినములకు పొక్కు లేచును. తరువాత కొన్ని వారములలో చంకలోనో మెడలోనో బిళ్ల కట్టును. చాలమందికి తనంతట తగ్గును. మెడబిళ్లను చూడగనే మనము గండమాల యందుము. క్షయవలన వచ్చు బిళ్ల మన దేశమున విస్తారము గనుక ఆ యనుమానము తప్పు కాదు. కాని ఆఱు నెలల మందు మొదలిడక పూర్వమే, వైద్యు డడుగకున్నను, పిల్లి రక్కిన సంగతి మనమే చెప్పవలెను.

ఇక అరుదైన లక్షణములు. కొందఱికి కన్ను ఎఱ్ఱబాఱి, ఆ ప్రక్కనే చెవి ముందు బిళ్ల కట్టును. మఱికొందఱికి నొప్పి లేకయే ఒక కంటి చూపు హఠాత్తుగా మసకబాఱును. కంటి నరము వాచి, కొన్ని దినములకు లోపలి తెరపై నక్షత్రమువలె గీతలు తేలును. జాందానీ నేతలో ఒక్కొక్క పువ్వును చేతితో నూలు చొనిపి తీర్చవలెను గదా! ఆ కన్నులే వారి జీవనాధారము. చత్వారమని ఊరకుండరాదు. చత్వారము రెండు కన్నులకును మెల్లగా వచ్చును. ఇది తఱచుగా ఒక కంటికే, ఒక్కమారుగా వచ్చును. పలువురికి చూపు మరలును, కొందఱికి కొఱత మిగులును.

పిల్లలకు బిళ్ల కట్టిన కొన్ని వారములకు మూర్ఛ వచ్చుట కూడ కలదు. గాలి సోకినదని తాయెత్తు కట్టింపక ఆస్పత్రికి గొనిపోవుడు. చాలవఱకు పూర్తిగా కోలుకొందురు. గుండె కవాటము చెడినవారికి ఈ సూక్ష్మజీవి ఆ కవాటమునే పట్టవచ్చును.

పిల్లి రక్కిన తోడనే సబ్బుతో, పాఱు నీటిలో పావుగంట కడుగవలెను. సున్నము, పసుపు అద్దరాదు. కఱచినను, చర్మము చీరుకొనునట్లు రక్కినను, పిచ్చికుక్క రోగమునకు వేయు సూదిమందును ఆలస్యము చేయక వేయించుకొనవలెను. అది వేఱు రోగము. పైకి తేలిన పిమ్మట దానికి మందు లేదు.