కంప్యూటరు భాగముల ఎంపిక

సూరత్తు జిల్లాలోని పల్సానా తాలూకాయందు వస్త్రములకు రంగులద్దు మిల్లులు పెక్కు గలవు. తెలంగాణమునుండి వలసవచ్చి మరమగ్గములపై జీవిక నేర్పరచుకొనిన పద్మశాలి కుటుంబములు సూరత్తున నేటికిని తెలుగు మాటాడుచున్నవి. అట్టి యిండ్ల యువకులు పగలు చీరల డిజైనులు గీయుటకును, రాత్రి ఆటలాడుటకును ఒకే కంప్యూటరును కూర్చుకొనదలచినచో, ముందుగా గ్రాఫిక్సు కార్డును నిశ్చయించుకొని, దానిని బట్టి తక్కిన భాగముల నెన్నుకొనుట యుక్తము.

2022లో వెలువడిన ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 4090 కార్డునందు 24 జీబీల మెమొరీ కలదు. పూర్తి భారమున నది 450 వాట్ల వరకు గ్రహించును గనుక, 850 వాట్ల పవర్ సప్లైని తయారీదారులే సూచించిరి. రైజెన్ 9 7950ఎక్స్ ప్రాసెసరునందలి 16 కోర్లు రెండరింగున కక్కరకు వచ్చును గాని, ఆటలకు సాధారణముగా ఎనిమిది చాలును. అనేకమైన పొరలు గల డిజైనులు తెరచువారికి 64 జీబీల ర్యామ్ మంచిది. అదియు నాలుగు స్టిక్కులుగా గాక రెండుగా కొనవలెను, ఏలయన డీడీఆర్5నందు నాలుగింటిని అమర్చినచో వేగము తరచుగా తగ్గును.

ఇక మగ్గముల పేటలో గాలినిండ నూగు తేలుచుండును. అది ఫ్యానురెక్కలకును, హీట్‌సింకు సందులకును పట్టి గాలిని నిరోధింపగా, ప్రాసెసరు వేడెక్కి తన వేగమును తానే తగ్గించుకొనును. కావున రంగుదీపములకు వెచ్చించు ధనమును జాలీలు గల కేబినెట్టునకును, మేలైన పవర్ సప్లైకిని వెచ్చింపుడు; ఆ జాలీలను తరచుగా దులుపుడు; ప్రతి భాగమునకును బిల్లు తీసికొని వారంటీ ముగియువరకు భద్రపరచుకొనుడు.