కోడిని కుక్క పట్టిందా? మొదటి రోజు తక్కువ చెయ్యండి

పెరట్లో నాలుగైదు నాటుకోళ్ళు పెంచుకునే వాళ్ళ కోసం ఈ ఎపిసోడ్. ఫారం వాళ్ళకి కాదు, వాళ్ళ లెక్క వేరు. మన దగ్గర ఒక్కో కోడీ మనకి తెలుసు కదా. ఏది ఎక్కడ గుడ్డు పెడుతుందో కూడా తెలుసు.

కుక్క పట్టి లాగేసిందనుకోండి. లేదా పొద్దున్నే గూడు తలుపు తీస్తే ఒక పెట్ట రాకుండా మూల ముడుచుకుని ఉందనుకోండి. ఇంట్లో వినపడే మొదటి మాట ఒకటే: "చచ్చేలోపు కోసెయ్యండ్రా." అలా అన్నవాళ్ళని నేనేం అనను, కోడంటే కూర కూడా. కానీ జబ్బేంటో తెలియని కోడిని మాత్రం కొయ్యొద్దు. కోసేటప్పుడు, ఈకలు పీకేటప్పుడు ఆ రక్తం, రెట్ట అన్నీ మన చేతులకే, మన ముక్కుకే. ఇంకా ఆ పెట్ట గుడ్ల మీదే ఇంట్లో ఆడవాళ్ళకి నాలుగు రూపాయలు చేతిలో ఆడుతుంటే, ఒక పూట కూరకి దాన్ని వదులుకోవడం కూడా నష్టమే.

అసలు విషయానికి వస్తా. గాయం చూసి మనం భయపడతాం. కానీ మొదటి రోజు కోడిని చంపేది చాలాసార్లు గాయం కాదు, షాక్. ఆ షాక్‌కి మన హడావుడి తోడవుతుంది. నలుగురు చుట్టూ మూగి, ఒకరు పట్టుకుని, ఒకరు పసుపు పోసి, ఒకరు నోరు తెరిచి నీళ్ళు పోసి... కోడి వైపు నుంచి చూస్తే కుక్క వెళ్ళిపోయి ఇంకా పెద్ద జంతువులు వచ్చినట్టే. సర్వర్ పడిపోతే ముందు లాగ్స్ చూస్తాం కానీ కనపడ్డ బటన్లన్నీ నొక్కం కదా, ఇక్కడా అంతే.

ముందు ఎత్తుకోవడం దగ్గర మొదలుపెడదాం. సంతలో కాళ్ళు పట్టుకుని తలకిందులుగా వేలాడదీసి తెస్తారు చూశారా, దెబ్బ తగిలిన కోడిని అలా పట్టుకోకండి. మేత సంచిలో ఉన్న నీళ్ళు నోట్లోకి వచ్చి ఊపిరి ఆడకపోవచ్చు. అలాగని గట్టిగా హత్తుకోనూ కూడదు. కోడికి మనలా డయాఫ్రం ఉండదు. రొమ్ము ఎముక ముందుకీ వెనక్కీ కదిలితేనే దానికి గాలి. రొమ్ము నొక్కి పట్టుకుంటే మన చేతుల్లోనే పోతుంది. రెక్కలు రెండూ ఒంటికి ఆనించి, కింద అరచెయ్యి పెట్టి ఎత్తండి. పాత తువ్వాలు చుడితే ఇంకా మంచిది.

తర్వాత గంప. మన పల్లెల్లో కోళ్ళని మూసే గంపని మించిన హాస్పిటల్ లేదండీ. గాలి ఆడుతుంది, చీకటిగా ఉంటుంది, కోడి తిరగలేదు. కింద గోనెసంచి పరిచి, ఇంట్లో సందడి లేని మూల పెట్టండి. చలికాలమైతే పక్కన ఒక బల్బు, అదీ ఒక వైపే, వేడెక్కువైతే అది రెండో వైపు జరగాలి. మన ఎండాకాలంలో మాత్రం బల్బు వద్దు, నీడ కావాలి. కోడికి చెమట పట్టదు, నోరు తెరిచి రొప్పడమే దానికి ముఖ్యమైన దారి.

ఇక్కడొకటి చెప్పాలి. "ఒళ్ళు కాలిపోతోంది, జ్వరం" అని మన టాబ్లెట్ ముక్క వేసేవాళ్ళు చాలామంది. కోడి ఒంటి వేడి మామూలుగానే 41 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న కోడిని పట్టుకున్నా మన చేతికి వేడిగానే తగులుతుంది. అది జ్వరం కాదు.

నీళ్ళు నోట్లో పొయ్యకండి. కోడి నాలుక మొదట్లోనే ఊపిరి గొట్టం తెరుచుకుని ఉంటుంది, పోసిన నీళ్ళు నేరుగా అందులోకి పోవచ్చు. ముక్కు పక్కన ఒక్కో చుక్క అంటించండి, అదే గుటకేస్తుంది. లేదంటే కొంచెం బెల్లం కలిపిన నీళ్ళు మూకుట్లో పెట్టి వదిలెయ్యండి. తిండి గురించి ఆ పూట ఆలోచించక్కర్లేదు.

రక్తం కారుతుంటే మాత్రం ఆగొద్దు, శుభ్రమైన గుడ్డతో కాసేపు వదలకుండా అదిమి పట్టండి. మిగతా శుభ్రం కోడి కొంచెం తేరుకున్నాక. మా పక్కింటి పిన్ని పెట్టని కుక్క పట్టినప్పుడు తోక పైన తోలు అరచేయంత లేచిపోయింది. సాయంత్రం గంప కింద పెట్టి వదిలేశాం. పిన్ని రాత్రంతా "ఏమీ చెయ్యవేంట్రా" అంటూనే ఉంది. పొద్దున్నే అది లేచి నిలబడి ఉంది. అప్పుడు కాచి చల్లార్చిన నీళ్ళు, లీటరుకి 9 గ్రాముల ఉప్పు, సిరంజితో నెమ్మదిగా కడిగాం. తర్వాత బెటాడిన్, అదీ పల్చటి టీ రంగు వచ్చేలా నీళ్ళు కలిపి. గాయం చుట్టూ ఈకలు కత్తిరించాం, పీకలేదు.

అసలు గండం ఈగలు. మన వాతావరణంలో ఈగ గుడ్డు పెడితే ఒక్క రోజులోనే పురుగు. అందుకే గంప మీద దోమతెర కప్పి, రోజుకి రెండుసార్లు టార్చి వేసి చూశాం. ఇప్పటికే పురుగు పడితే ఉప్పునీళ్ళతో కడిగి పట్టకారుతో తీసెయ్యండి. పశువులకి వాడే టర్పెంటైన్ కోడికి పొయ్యకండి. పిల్లి పట్టినవి ఇంకా మోసం. పైకి చిన్న చిల్లులే, లోపల చీము. దానికి డాక్టర్ ఇచ్చే యాంటీబయాటిక్ కావాలి. అది వాడినన్ని రోజులూ, డాక్టర్ చెప్పినన్ని రోజుల తర్వాత వరకూ ఆ గుడ్లు తినకూడదు.

కాలు విరిగితే, పాదం పైనున్న సన్న ఎముక అయితే, ఐస్‌క్రీమ్ పుల్ల, దూది, టేపుతో కట్టొచ్చు. మూడు వారాల్లో అతుక్కుంటుంది. భుజం దగ్గర రెక్క విరిగి ఎముక బయటికొస్తే అక్కడ నీళ్ళు కూడా పొయ్యకండి. ఆ ఎముక లోపల గాలి ఉంటుంది, అది ఊపిరి తిత్తుల దారికి కలిసి ఉంటుంది. నేరుగా డాక్టర్ దగ్గరికే.

గాయమే లేకుండా ముడుచుకున్న కోడి సంగతి వేరు. కోడి జబ్బుని దాచుకుంటుంది, బయటపెడితే మిగతావి పొడుస్తాయి కాబట్టి. మనకి కనపడిందంటే అది చాలా రోజుల నుంచి బాధపడుతున్నట్టే. రొమ్ము ఎముక తడిమి చూడండి. కత్తిలా తగిలితే కండ కరిగిపోయిందని అర్థం. పొద్దున్నే మేత పెట్టకముందు మెడ కింద సంచి ఖాళీగా ఉండాలి. నిండుగా, పిండిముద్దలా ఉంటే అరగట్లేదు. రెట్ట ఫొటో తీసుకోండి, నవ్వకండి, డాక్టర్ మొదట అడిగేది అదే.

పచ్చటి నీళ్ళ విరేచనం, మెడ తిరిగిపోవడం, ఒకదాని తర్వాత ఒకటి పడిపోవడం కనిపిస్తే కొక్కెర తెగులు అనుమానించాలి. దీనికి మందు లేదు, ముందే వేయించే టీకానే. ఒక్కసారిగా చాలా చచ్చిపోతుంటే చేతులతో ముట్టుకోవద్దు, దూరంగా ఉండి ఫోన్ చెయ్యండి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చింది గుర్తుందా, అందుకే. ఆంధ్రలో అయినా తెలంగాణలో అయినా 1962 సంచార పశువైద్య వాహనం నంబర్. ఒక్క కోడికి ఫోన్ చేస్తే ఏమనుకుంటారో అని మొహమాటపడకండి.

పిన్ని పెట్ట గురించి ఇంకొకటి. పుండు మానాక నేరుగా మందలో వదలలేదు. పదిహేను రోజులు కనపడకపోతే మిగతావాటికి అది కొత్త కోడి కిందే లెక్క, పైగా ఎర్రటి మచ్చ కనపడితే అక్కడే పొడుస్తాయి. అందుకని వారం రోజులు గంపతో సహా పెరట్లోనే ఉంచాం, చుట్టూ మిగతావి తిరుగుతుంటే. తర్వాత వదిలితే రెండు రోజులు తన్నులాట. ముందు నూకలు తినేది అదే, ఇప్పుడు మూడోది అయింది. తోక ఈకలు ఇంకా సగమే వచ్చాయి.

టీకాలు ఏ వయసులో ఏది వెయ్యాలి, ఎక్కడ దొరుకుతాయి అనేది వచ్చే ఎపిసోడ్‌లో. ఉంటా మరి, బై.