పైపుకో పరీక్ష, మనిషికో పరీక్ష

పొలాల మధ్య, రోడ్ల పక్కన, కాలువ గట్ల మీద అక్కడక్కడ హెచ్చరిక బోర్డులు పాతి ఉండటం మీరు చూసే ఉంటారు. ఇక్కడ తవ్వరాదని రాసి, కింద ఒక ఫోన్ నంబరు ఇస్తారు. ఆ బోర్డు దగ్గర, సుమారు ఒక మీటరు లోతున, సహజవాయువో పెట్రోలో డీజిలో అధిక పీడనంతో ప్రవహిస్తూ ఉంటుంది. కంటికి కనబడని ఆ పైపు బాగుందో లేదో ఎలా తెలుస్తుంది? బాగుందని చెప్పే మనిషికి ఆ పని నిజంగా వచ్చునని ఎలా తెలుస్తుంది? ఈ ప్రసంగంలో ఈ రెండు ప్రశ్నలనూ వరుసగా చూద్దాం. మొదటిదానికి సైన్సు చాలావరకు సమాధానం చెప్పింది. రెండోదాని మీద మన దృష్టి తక్కువ.

ఇవి మనకు దూరపు ప్రశ్నలు కావు. 2014 జూన్ 27 తెల్లవారుజామున, అప్పటి తూర్పు గోదావరి జిల్లాలోని నగరం గ్రామంలో, తాటిపాక నుంచి కొండపల్లి వైపు వెళ్ళే 18 అంగుళాల గెయిల్ గ్యాస్ పైపులైను పగిలింది. పరుచుకొన్న వాయువు అంటుకొని 20 మందికి పైగా చనిపోయారు. ఇళ్ళు, కొబ్బరిచెట్లు కాలిపోయాయి. పొడి వాయువు కోసం ఉద్దేశించిన పైపులో నీటితో కూడిన వాయువు ప్రవహించటం వల్ల లోపలి గోడ తుప్పుపట్టి పలచబడిందని తరవాత విచారణలో బయటపడింది.

ఇందులోని రసాయనశాస్త్రం మీరు పదో తరగతిలో చదివినదే. సహజవాయువులో కొంత కార్బన్ డయాక్సైడ్ ఉంటుంది. వాయువు పొడిగా ఉన్నంతవరకు అది ఉక్కును ఏమీ చేయదు. నీరు చేరితే కార్బోనిక్ ఆమ్లం తయారవుతుంది. అది బలహీనమైన ఆమ్లమే అయినా, ఇనుమును నిదానంగా తినేస్తూ పోతుంది. నీరు పల్లానికి చేరుతుంది కాబట్టి, నేల వాలు తగ్గినచోట పైపు అడుగుభాగాన తుప్పు ఎక్కువగా పడుతుంది. గడియారంలో ఆరు అంకె ఉండే చోటు కనుక, తనిఖీ చేసేవారు దీన్ని "ఆరు గంటల స్థానం" అంటారు.

పైపును ఎలా పరీక్షిస్తారు? పని ప్రారంభించక ముందే దాన్ని నీటితో నింపి, రోజూ మోయవలసిన పీడనం కంటే ఎక్కువ పీడనానికి గురిచేస్తారు. గాలి ఎందుకు వాడరు? గాలిని కుదిస్తే అది స్ప్రింగులా శక్తిని దాచుకొంటుంది. పైపు పగిలితే ఆ శక్తంతా ఒక్కసారి బయటపడుతుంది. నీరు దాదాపు కుదించుకుపోదు, కాబట్టి పగిలినా ప్రమాదం తక్కువ.

బయటి తుప్పును ఆపటానికి పైపుకు పూత వేస్తారు. పూత ఊడినచోట నేలలోని తేమ తగలకుండా ఆపలేం కాబట్టి, పైపును కాథోడ్‌గా చేసి స్వల్పమైన ఏకముఖ విద్యుత్తును పంపుతారు. రక్షణ చాలినంత ఉందా అని చూడటానికి రాగి, కాపర్ సల్ఫేట్ ఎలక్ట్రోడును నేలకు ఆనించి పైపు పొటెన్షియల్ కొలుస్తారు. అది మైనస్ 0.85 వోల్టు, లేదా అంతకంటే ఎక్కువ రుణాత్మకంగా ఉండాలన్నది అందరూ పాటించే ప్రమాణం.

లోపలి పరిస్థితి తెలుసుకోవటానికి "పిగ్" అనే సాధనాన్ని పైపులో వదులుతారు. ప్రవాహమే దాన్ని ముందుకు తోస్తుంది. మామూలు పిగ్ చెత్తనూ నీటినీ ఊడ్చుకుపోతుంది. స్మార్ట్ పిగ్‌లో బలమైన అయస్కాంతాలుంటాయి. గోడ పలచబడినచోట అయస్కాంత బలరేఖలు బయటకు చిమ్ముతాయి. వాటిని సెన్సర్లు నమోదు చేస్తాయి. పైపు పొడవునా సాగే సన్నని పగుళ్ళను ఈ పద్ధతి సరిగా పట్టుకోలేదు. వాటికి అల్ట్రాసోనిక్ తరంగాలు వాడాలి.

ఇప్పుడు ఒక విషయం గమనించండి. ఈ పరీక్షలన్నిటి చివరా ఒక మనిషి ఉన్నాడు. ఎండిన నేల మీద ఎలక్ట్రోడు పెడితే మీటరు తప్పు అంకె చూపవచ్చు. అంకెను పుస్తకంలో రాసుకోవటం ఎవరైనా చేస్తారు. ఇది నమ్మదగిన అంకె కాదని గుర్తించి, కాసిని నీళ్ళు పోసి నేలను తడిపి మళ్ళీ కొలవటానికి పని తెలిసి ఉండాలి. పిగ్‌ను బయటకు తీసే తలుపు దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. గేజీ సున్నా చూపిస్తుంది. కాని గేజీకి వెళ్ళే సన్నని గొట్టం పూడిపోయి, లోపల పీడనం అలాగే ఉండవచ్చు. గేజీని నమ్మి తలుపు తీసినవాడికి రెండో అవకాశం ఉండదు.

మనిషి నిర్ణయం ఎంత దూరం తీసుకువెళుతుందో చెప్పటానికి బాగా పరిశోధించిన ఒక సంఘటన అమెరికాలో ఉంది. 2010 జూలై 25 సాయంత్రం మిషిగన్ రాష్ట్రంలోని మార్షల్ దగ్గర ఎన్‌బ్రిడ్జ్ కంపెనీ 30 అంగుళాల ముడిచమురు పైపు పగిలింది. ముందే నిర్ణయించుకొన్న ప్రకారం లైనును ఆపుతున్న సమయంలోనే ఇది జరిగింది. అందువల్ల పీడనం పడిపోవటం మామూలుగానే కనిపించింది. కెనడాలోని ఎడ్మంటన్ కంట్రోలు గదిలో అలారాలు మోగాయి. పైపులో ద్రవం తెగి మధ్యలో ఆవిరి బుడగ ఏర్పడితే కూడా ఇవే సూచనలు వస్తాయి. సిబ్బంది దాన్ని బుడగే అనుకొన్నారు. బుడగను పూడ్చటానికి ఇంకా చమురు పంపారు. లైనును రెండుసార్లు తిరిగి నడిపారు. వాసన వస్తోందని ఆ రాత్రే స్థానికులు అత్యవసర నంబరుకు ఫోన్లు చేశారు. కాని మర్నాడు మధ్యాహ్నానికి ముందు వేరొక గ్యాస్ సంస్థ ఉద్యోగి ఫోను చేసేదాకా, అంటే 17 గంటలకు పైగా, పైపు పగిలిన సంగతి కంట్రోలు గదికి తెలియలేదు. దాదాపు 32 లక్షల లీటర్ల చమురు వాగులోకి, అక్కడినుంచి కలమజూ నదిలోకి చేరింది. అందులో నూటికి 81 వంతులు ఆ రెండుసార్లు నడిపినప్పుడు పోయినదేనని జాతీయ రవాణా భద్రతా బోర్డు తేల్చింది.

ఇందులో రెండు సంగతులు మరిచిపోకూడదు. ఆ పగులు 2005లో చేసిన తనిఖీలోనే కనిపించింది. దాన్ని తవ్వి చూడలేదు. బుడగ పది నిమిషాల్లో పూడకపోతే లైను ఆపాలన్న నియమం, 1991లో మినసోటాలో జరిగిన పెద్ద ప్రమాదం తరవాత ఆ కంపెనీయే పెట్టుకొన్నది, దాన్ని పాటించలేదు. సాధనం చెప్పింది, నియమం చెప్పింది. వాటి అర్థం తెలుసుకొని ఆగవలసినచోట మనిషి ఆగలేదు.

మరి మనిషిని ఎలా పరీక్షించాలి? అమెరికా రవాణా శాఖ 1999లో ఇందుకు ఒక నియమం తెచ్చింది. అందులో మెచ్చుకోదగిన ఆలోచన ఏమిటంటే, అది మనిషి చదువునో హోదానో కాక, చేసే పనిని తీసుకొంటుంది. వాల్వు తిప్పటం, పైపు ఎక్కడుందో గుర్తించటం, పొటెన్షియల్ కొలవటం వంటి పనుల జాబితాను కంపెనీ తయారుచేయాలి. ఒక్కొక్క పనికి ఒక్కొక్క మనిషిని విడిగా పరీక్షించాలి. కాంట్రాక్టు కార్మికులకు కూడా ఇది వర్తిస్తుంది. పని చేయటం వస్తే చాలదు. ఆ పనిలో ఎదురయ్యే అసాధారణ స్థితిని గుర్తించి తగినట్టు స్పందించగలగాలి. ఇన్నేళ్ళుగా చేస్తున్నాడు కాబట్టి వచ్చునని అనుకోవటం కుదరదు: 2002 అక్టోబరు 28 తరవాత, గత అనుభవాన్ని మాత్రమే చూసి అర్హత ఇవ్వటాన్ని ఆ నియమం అంగీకరించదు. అర్హత లేనివాడు పని నేర్చుకోవచ్చు, కాని అర్హత ఉన్నవాడు పక్కనే ఉండి చూస్తూ చెబుతుండాలి. ఒక ప్రమాదంలో అతని పని పాత్ర ఉందనిపిస్తే మళ్ళీ పరీక్షించాలి.

ఈ నియమం అమలులో ఉండగానే మార్షల్ ప్రమాదం జరిగిందని మీరు అడగవచ్చు. నిజమే. అక్కడ ఎవరి పని వారికి వచ్చు. కాని షిఫ్టులు మారుతున్నప్పుడు పలువురు కలిసి ఒక నిర్ణయానికి ఎలా రావాలో అభ్యాసం లేదు. అంటే బృందానికి కూడా పరీక్ష ఉండాలన్నమాట.

మన దేశంలో చమురు పరిశ్రమ భద్రతా డైరెక్టరేట్ 1986 నుంచి ప్రమాణాలు రూపొందిస్తున్నది. 2006 చట్టంతో పెట్రోలియం, సహజవాయు నియంత్రణ బోర్డు ఏర్పడింది. ఆ బోర్డు 2009లో గ్యాస్ పైపులైన్ల సాంకేతిక, భద్రతా ప్రమాణాలను, 2012లో పైపుల పటిష్ఠత నిర్వహణ నియమాలను తెచ్చింది. కాగితం మీద లోటు తక్కువే. కాపలా నడక, తవ్వకం, మరమ్మతు వంటి పనులు ఎక్కువగా కాంట్రాక్టు కార్మికుల చేతిలో ఉన్నప్పుడు, వారిలో ప్రతి ఒక్కరికీ ఆ పనిలో విడిగా పరీక్ష జరిగిందా అన్నదే అడగవలసిన ప్రశ్న. ఒక రోజు శిక్షణకు హాజరు వేయటం పరీక్ష కాదు. అతని ఎదుట ఒక చెడిన గేజీని పెట్టి, ఇప్పుడేం చేస్తావు అని అడగటం పరీక్ష.

మీ వంతు కూడా కొంత ఉంది. 1962 చట్టం ప్రకారం పైపు వెళ్ళే భూమి యజమానిదే అయినా, ఆ పట్టీ మీద ఇల్లు కట్టకూడదు, బావి తవ్వకూడదు, చెట్టు నాటకూడదు. చెట్ల వేళ్ళు పూతను చీలుస్తాయి. తవ్వే ముందు తెలియజేయటానికి కేంద్ర ప్రభుత్వం 2023లో "కాల్ బిఫోర్ యు డిగ్" అనే మొబైల్ యాప్ ప్రవేశపెట్టింది. సహజవాయువుకు తనంతట వాసన లేదు. ఇళ్ళకు వచ్చే గ్యాసులో ఘాటైన వాసన కలుపుతారు గాని, పొలాల్లోని పెద్ద లైన్లలో అది ఉంటుందని నమ్మకూడదు. బుస్సుమనే శబ్దం, గుంటలో నీళ్ళు బుడగలు రావటం, పచ్చగా ఉండవలసినచోట గడ్డి ఎండిపోవటం గమనించండి. అలాంటిది కనిపిస్తే నిప్పు వెలిగించకండి, బండి స్టార్టు చేయకండి. గాలి వచ్చే దిక్కుకు అడ్డంగా దూరంగా నడిచి వెళ్ళి, అప్పుడు బోర్డు మీది నంబరుకు ఫోను చేయండి. ఆ నంబరును ఈరోజే రాసి పెట్టుకోండి. వచ్చిన మనిషి చూసి, ఏమీ లేదని చెబితే, ఏ పరికరంతో ఎలా పరీక్షించారని మర్యాదగా అడగండి. పని తెలిసినవాడు ఆ ప్రశ్నకు కోపగించుకోడు. పరికరాన్ని మీకే చూపించి వివరిస్తాడు.