పాత చీర, పాత కాగితము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



ఈ సభలో గృహపరిశ్రమలను గూర్చి మాట్లాడవలసినదని కార్యదర్శిగారు కోరినప్పుడు నేను కొంత సందేహించితిని. పరిశ్రమ యన్నంతటి పెద్ద మాటకు తగినది నాకేమియు తెలియదు. పాత చీరలతో బొంత కుట్టుటయు, పాత కాగితముతో తట్ట చేయుటయు మాత్రమే తెలియును. ఆ రెండింటిని గూర్చి చెప్పుదు నంటిని, వారంగీకరించిరి.

ముందుగా బొంత. నాలుగు పక్షములు కలిసి ప్రభుత్వము నేర్పరచినచో దానిని అతుకులబొంత యని పత్రికలవారు హేళన చేయుట మనము చదువుచునే యున్నాము. ఆ మాట వ్రాయువారు ఎన్నడును బొంత కుట్టియుండరని నా యనుమానము. మా యింటి బొంతలు చినిగినది గుడ్డ నడుమనే గాని అతుకువద్ద కాదు.

బొంతకు నూలుచీర కావలెను. పలుమార్లు ఉతికి మెత్తబడినదైనచో మరియు మేలు. చినిగిన భాగమును తీసివేసి, మిగిలిన గుడ్డను నాలుగైదు పొరలుగా పరచి, ముడుతలు లేకుండ లాగి, అంచులను ముందుగా పెద్ద కుట్లతో నిలుపవలెను. నలిగిన గుడ్డ లోపలికి, గట్టి గుడ్డ పైకి. పిదప నడుమనుండి అంచులవైపు కుట్టుకొని పోవలెను. అంచునుండి నడుమకు కుట్టినవారికి గుడ్డ మధ్యను ఉబ్బి నిలుచును. దానిని విప్పుట తప్ప వేరు దారి లేదు. వరుసకు వరుసకు రెండు వ్రేళ్ళ యెడము చాలును.

వంగదేశపు స్త్రీలు కాంథా యని కుట్టునది ఇట్టిదే. వారు పాత చీరల అంచులనుండి రంగు పోగులను లాగి, ఆ దారముతోనే పూవులను, చేపలను కుట్టెడివారు. బీహారున దీనిని సుజని యందురు. పుట్టిన బిడ్డను పాతగుడ్డలో పొదువుట ఆ ప్రాంతములందును గలదు, మనయందును గలదు. పొత్తిళ్ళు అను మాట మనకుండనే యున్నది. క్రొత్త గుడ్డలోని గంజి పసిబిడ్డ చర్మమును ఒరయును. పలుమార్లు ఉతికిన నూలు ఒరయదు. తడిని చక్కగా పీల్చును.

ఇచ్చట నా తప్పొకటి చెప్పుకొనవలెను. నేను తొలిచూలు మోయుచున్న దినములలో మా యమ్మ తన చీరలు ఆరింటిని, పుట్టబోవు బిడ్డకు బొంత కుట్టుటకై, మూటకట్టి అటకమీద నుంచినది. నాకా సంగతి తెలియదు. పాతబట్టలకు స్టీలు సామాను ఇచ్చువాడు వీధిలోనికి రాగా, ఆ మూటను వానికిచ్చి ఒక బేసిను తీసికొంటిని. మంచి బేరము చేసితినని సంతోషించితిని కూడ. సాయంకాలము అమ్మ అటకవైపు చూచి, బేసినువైపు చూచి, "పోనీలేవే, బిడ్డకు నీళ్ళు పోయడానికి పనికొస్తుందిలే" అని మాత్రమన్నది. ఆ బేసిను నేటికిని మా యింట నున్నది. మరి రెండేండ్లకు, నేను నేర్చుకొనదలచి అడుగునప్పటికి, అమ్మకు సూదిలో దారమెక్కించుటకు చూపు చాలలేదు. ఆమె ప్రక్కన కూర్చుండి వ్రేళ్ళతో తడవి చూచి "ఇక్కడ వదులైంది, విప్పు" అనుచుండగా నేను కుట్టితిని. నాకు వచ్చిన విద్య అట్లు వచ్చినదే.

నేటి చిక్కు వేరొకటి. ఇండ్లలో పాత చీరలు కుప్పలుగా నున్నవి గాని వానిలో పెక్కు పాలియెస్టరువి. ఆ గుడ్డ పొరమీద పొర నిలువక జారును, చెమటను పీల్చదు. సంచులు కుట్టుకొనుడు; పసిబిడ్డ క్రింద పరచుటకు మాత్రము వలదు. నూలుచీరలున్నవారు దయచేసి బేసినులకు మార్చకుడు.

ఇక కాగితము. మా యమ్మమ్మ కాలమున గంపలకు, చాటలకు సందులు పడినప్పుడు కాగితపు గుజ్జు, మెంతిపిండి కలిపి మెత్తెడివారు. ఉత్త గుజ్జుతోనే తట్టలును చేసెడివారు. కాగితమును చిన్న ముక్కలుగా చింపి మూడు నాలుగు దినములు నానవేయవలెను. నీరు ప్రతిదినము మార్చనిచో ఆ యింట నిలువలేము. రాత్రి నానవేసిన మెంతులను, పిండిన కాగితమును రోటిలో వేసి, ముక్క కనబడనంతవరకు రుబ్బవలెను. ఒక కుండను బోర్లించి, తడిగుడ్డ కప్పి, దానిమీద గుజ్జును అర వ్రేలి మందమున పరచి చేతితో అదుమవలెను. మొదటి దినము నీడను, తరువాత ఎండను ఆరవలెను. తొందరపడి మొదటనే ఎండలో పెట్టినచో బీటలు వారును. ఆరిన తట్టకు లోపల, వెలుపల చింతగింజల పిండి ఉడికించిన జిగురుతో పాతగుడ్డ అంటించినచో ఏండ్లు నిలుచును. కొండపల్లి బొమ్మలవారు ఱంపపుపొట్టును ఈ చింతగింజల జిగురుతోనే కలిపి, మక్కు అను పేర, బొమ్మల అతుకులకు వాడుదురు.

మెంతులెందుకని పిల్లలడుగుదురు. నానిన మెంతులలో బంక గలదు. అది గుజ్జును పట్టి యుంచును. చేదు వలన పురుగు జంకును. కాగితమనగా మొక్కలలోని నారయే గనుక, నీటిలో విడివడిన ఆ నార ఆరునప్పుడు ఒకదానితో నొకటి పెనవేసికొని గట్టిపడును. నునుపైన రంగుల కాగితము దీనికి తగదు. దాని నునుపు తెల్లమట్టివంటి పూతవలన వచ్చినది, ఆ పూతలో నార లేదు.

రెండు మాటలు దాచక చెప్పవలెను. ఈ తట్ట నీరు తగిలినచో చెడును. ప్లాస్టికు బుట్టవలె కడుగుటకు వీలులేదు. ఇక అచ్చుసిరా సంగతి. వార్తాపత్రికలలో తినుబండారములు చుట్టరాదని దేశపు ఆహార భద్రతా సంస్థ 2016లో హెచ్చరించినది. కనుక అచ్చుకాగితముతో చేసిన తట్టలో వడలును, పిండివంటలును పెట్టకుడు. నూలుండలు, సూదులు, ఉత్తరములు, పిల్లల పలకలు పెట్టుకొనుడు. దీనితో ధనమార్జింపవచ్చునని కూడ నేను చెప్పను. ఒక తట్టకు వారము పట్టును; ఆ వారమునకు కూలి కట్టి కొనువారెవరు?

అయినను ఈ గ్రంథాలయమున ఈ మాట లెత్తుటకు కారణమున్నది. ఇచ్చటి పాత పత్రికలు ఏటేట తూకమునకు పోవుచున్నవి. దాచదగినవి దాచి, తక్కిన వానిలో ఒక్క కట్టను మాకిప్పించవలెనని కార్యవర్గమువారిని అడుగుచున్నాను. అడుగుట ఊరక కాదు. పిల్లల బీరువాలో వెన్ను ఊడిన పుస్తకములను నిన్న లెక్కించితిని, నలుబదిమూడు. పుస్తకపు వెన్నుకు నూలుచీర పట్టీయే మేలైనది. మైదా జిగురులో కొంచెము మైలుతుత్తము కలిపినచో పురుగు పట్టదు. అది విషము గనుక ఆ గిన్నెను పిల్లలకు అందనీయక, వంటకు మరల వాడక యుండవలెను. మా కాగితపు కట్టకు బదులుగా ఆ నలుబదిమూడు పుస్తకములను మేము బాగుచేసి యిచ్చెదము.

వచ్చు ఆదివారము మూడు గంటలకు వెనుక వరండాలో కూర్చుందుము. వీలున్నవారు నూలుచీర యొకటి తెండు, చినిగినదైనను సరే. సూదులును, మెంతులును నేను తెచ్చెదను. రోలు మాత్రము ఎదురింటివారి నడుగవలెను.