ఆటలోని కథ – ఆడువాని మనస్సు



సామర్లకోటనుండి కాకినాడకు పోవు దారిలో మాధవపట్నమను గ్రామము కలదు. తోలుబొమ్మలాటకు పేరెన్నికగన్న యూరు అది. పలుచని తోలుపై రంగులద్ది, తెల్లని తెర వెనుక దీపములు వెలిగించి, అచటి కళాకారులు తరతరములుగా రామాయణ భారత కథల నాడించిరి. ప్రొద్దుక్రుంకిన పిదప మొదలిడిన కథ తెల్లవారుసరికి ముగిసెడిది. నడుమ జుట్టుపోలిగాడును బంగారక్కయు వచ్చి ఊరి ముచ్చటలతో నవ్వించెడివారు.

నేటి పిల్లల చేతిలోని తెర వేరు. అది సెల్‌ఫోను తెర, కంప్యూటరు తెర. దానిపై నాడు వీడియో ఆటలను పెద్దలు వట్టి కాలక్షేపమని తలచుచున్నారు. కాని వానిలో అనేకమునకు మొదలును, మలుపులును, పాత్రలును గల కథ యున్నది. ధనమొడ్డి యాడు ఆన్‌లైన్ ఆటలు వేరు. వానిని భారత పార్లమెంటు 2025లో చట్టముచే నిషేధించినది. ఇచటి ప్రసక్తి కథ గల యాటలను గూర్చియే.

ఈ రెండు తెరలకును చుట్టరికము లేకపోలేదు. పూణేలోని నాడింగ్ హెడ్స్ గేమ్స్ అను సంస్థ 2020లో ‘రాజీ’ అను ఆటను వెలువరించినది. రాక్షసు లెత్తుకొనిపోయిన తమ్ముని వెదకుచు పోవు బాలిక కథ అది. అందు కథ చెప్పవలసిన ఘట్టములను నీడబొమ్మల రీతిననే చూపిరి.

అయినను ముఖ్యమైన భేదమొకటి కలదు. బొమ్మలాటలో సీత మాయలేడిని కోరినపుడు చూచువాడు అయ్యో యని నిట్టూర్చును గాని ఆపజాలడు. వీడియో ఆటలో కథ నిలిచి, ఆడువాని నిర్ణయమునకై వేచియుండును.

2013లో లూకస్ పోప్ అను అమెరికా దేశస్థుడు ‘పేపర్స్, ప్లీజ్’ అను ఆటను రచించెను. ఆడువాడు సరిహద్దుకడ పత్రములు పరీక్షించు ఉద్యోగి. ఒక భర్త వచ్చును. అతని పత్రములు సరిగా నున్నవి. వెనుక వచ్చిన భార్యకు ప్రవేశానుమతి లేదు. ఆమెను విడిచినచో తప్పుగా లెక్కింపబడును. తొలి రెండు తప్పులకు మందలింపు, ఆపై జీతములో కోత. ఇంటివారికి తిండి కరవగును. ఆపినచో ఆలుమగలు విడిపోవుదురు. ఇట్టి ఘట్టమును పుస్తకమున చదివినవాడు “ఆ ఉద్యోగి యేమి చేసెను?” అని యడుగును. ఆడినవాడు “ఇట్లు చేసితినేమి?” అని తన్ను తానే ప్రశ్నించుకొనును. జాలికి బాధ్యత తోడగుటయే ఈ కథల ప్రత్యేకత.

ఇక కీడు మాట. హింసగల ఆటలే ఘోరకృత్యములకు కారణమని చెప్పుటకు తగిన యాధారము లేదని 2020లో అమెరికా మనస్తత్వశాస్త్ర సంఘము ప్రకటించినది. అరచుట, త్రోయుటవంటి దుడుకుతనముతో స్వల్ప సంబంధము కలదనియు చెప్పినది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించి 2022నుండి అమలుపరచిన వ్యాధుల పట్టికలో ఆటవ్యసనము చేరినది. ఆటపై అదుపు తప్పుట, తక్కిన పనులకంటె ఆటయే ముఖ్యమగుట, కీడు కలుగుచున్నను మానలేకుండుట దాని లక్షణములు. ఇది కొలదిమందికే కలుగునని ఆ సంస్థయే తెలిపినది.

అనేకమైన ఆటలకు ముగింపు లేకుండుట ఇచట గమనింపదగినది. బొమ్మలాటకు తెల్లవారుట కలదు. ముగింపు లేని ఆటను ఆడువాడే చాలించుకొనవలెను. మరియొక భేదము. బొమ్మలాట చూచినవారు మరునాడు అరుగులమీద కూర్చుండి, తప్పు కైకదా దశరథునిదా యని వాదించుకొనెడివారు. కథ ఆ మాటలలో పండెడిది. ఒంటరిగా ఆడిన బాలునకు తన నిర్ణయమును చెప్పుకొన వినువాడు లేడు. “ఎంతసేపు ఆడితివి?” అని తల్లిదండ్రు లడుగుదురే గాని, “ఆమెను పోనిచ్చితివా, ఆపితివా? ఏల?” అని యడుగరు.

గ్రంథాలయము చేయదగిన పని ఇదియే. వారమునకొక సాయంకాలము పిల్లలు ఫోనులను ప్రక్కనిడి, తామాడిన కథలను పదిమంది యెదుట చెప్పునట్లు చేయవచ్చును. ‘రాజీ’ ఆడిన బాలికకు రామాయణమును, సరిహద్దు ఆట ఆడినవానికి దేశవిభజన కథలను అందించుట గ్రంథపాలకుని నేర్పు. ఏటికొక రాత్రి మాధవపట్నపు కళాకారులను పిలిపించి బొమ్మలాట ఆడించినచో, రెండు తెరల కథలను పోల్చి చూచుకొను భాగ్యము బాలురకు కలుగును. పెద్దలు నిందించుటకు ముందు ఆ కథను ఒకమారు చెప్పించుకొని విందురుగాక.